నూట పద్దెనిమిదో అచ్చు

ఆమెది పళ్ళు తయారుచేసే పని. ఇరవై రెండేళ్ళలో కొన్ని వేల నోళ్ళు ఆమె చేతుల మీదుగా వెళ్ళాయి, ఒక్క మొహం కూడా చూడలేదు. ఊళ్ళోని దంతవైద్యులు రోగుల పళ్ళకు అచ్చు తీసి అట్టపెట్టెలో పంపిస్తారు. ఆమె అందులో రాతిపిండి పోసి దవడలు చేస్తుంది, వాటికి తగ్గట్టు కట్టుడు పళ్ళో తొడుగులో చేసి తిప్పి పంపిస్తుంది. పెట్టె మీద పేరుండదు, నంబరుంటుంది. ఇరుగుపొరుగు ఆమెను పళ్ళావిడ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు సంచీ పట్టుకుని ద్రాక్షపళ్ళ కోసం వచ్చిన సందర్భాలు రెండున్నాయి.

ఆ ఏడు ఆమె కూతురు కాలేజీలకు దరఖాస్తులు పెడుతోంది. ఏడు కాలేజీలు, ఏడు ఫారాలు, ఏడు ఆఖరి తేదీలు, ప్రతిదానికీ "మీ గురించి మీ మాటల్లో" అంటూ ఆరువందల పదాలు. పదిహేడేళ్ళ పిల్లకు తన గురించి ఇన్నిసార్లు ఆరువందల పదాలు ఎక్కణ్ణుంచి పుడతాయో అడిగేవాడు లేడు.

తల్లులు రెండు రకాలని ఆమె అభిప్రాయం: పిల్లల్ని రాచిరంపాన పెట్టేవాళ్ళు, అర్థం చేసుకునేవాళ్ళు. తాను రెండో రకమని ఆమెకు అనుమానం లేదు. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. గిన్నెలు తోమే వంతు పిల్ల నెత్తిమీంచి తీసేసింది. వంటింటి తలుపుకి ఒక చార్టు అంటించి ఏడు గళ్ళు గీసింది, దరఖాస్తు పంపినప్పుడల్లా ఆకుపచ్చ టిక్కు పెట్టుకోమంది. సాయంత్రం పని నుంచి రాగానే కోసిన ఆపిల్ ముక్కలు బల్లమీద పెట్టి, ఎంతో మెత్తగా, "ఎంతవరకొచ్చిందమ్మలూ?" అనేది. "అయిపోతోందమ్మా" అనేది పిల్ల.

పిల్ల మధ్యాహ్నాలు దుప్పటి ముసుగేసుకు పడుకుంటోంది. దువ్వెన నిండా జుట్టు. తెరిచిన కంప్యూటరు ముందు గంటల తరబడి కూర్చున్నా తెర మీద అదే ఒక్క వాక్యం. ఆమె ఇవన్నీ చూసింది, అలసట అనుకుంది. కష్టపడేవాళ్ళకు అలసట రాదా? చార్టు మీద టిక్కులు పెరుగుతూనే ఉన్నాయి. ఐదయ్యాయి.

ఒక మంగళవారం పొద్దున వచ్చిన పెట్టెల్లో నూట పద్దెనిమిదో నంబరుది ఊరి ఆ చివరి క్లినిక్కు నుంచి వచ్చింది. పై దవడ, కింది దవడ, రెండచ్చులు. చీటీలో రాసింది ఇంతే: ఆడపిల్ల, పదిహేడేళ్ళు, నిద్రలో పళ్ళు కొరుకుతుంది, రాత్రి పెట్టుకునే తొడుగు కావాలి. ఆమె రాతిపిండి కలిపి పోసింది. గట్టిపడ్డాక అచ్చు ఒలిచింది. ఒలిచి, పై దవడను కళ్ళ దగ్గరగా తెచ్చుకుంది.

ముందు పన్ను అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. ఏడేళ్ళప్పుడు ఉయ్యాల మీంచి పడితే ఊడింది. ఆ పెచ్చు కోసం ఇసకంతా మోకాళ్ళ మీద దేవింది తనే. పక్కన కోరపన్ను కాస్త అడ్డం తిరిగి, క్యూలో తోసుకుని ముందుకొచ్చిన మనిషిలా ఉంటుంది. కన్నకూతుర్ని అడుగుల చప్పుడు విని పోల్చుకునే తల్లులు చాలామందే ఉంటారు. నంబరు పెట్టెలోంచి తీసి పోల్చుకోవడం ఈ పని చేసేవాళ్ళకే రాసిపెట్టి ఉంది.

చీటీ తిప్పి చూసింది. వెనకాల రాసిన ఫోన్ నంబరు మొగుడిది.

ఆయన ఉద్యోగం ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదవడం. ఊళ్ళో ఆయన ఎరగని సందు లేదు. పెళ్ళాం కంట పడకూడదని వెతికి వెతికి ఆ చివరి క్లినిక్కు పట్టుకున్నాడు. ఆ క్లినిక్కు అచ్చులు కూడా ఈ బల్ల మీదికే వస్తాయని మాత్రం తెలుసుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా భోజనాల దగ్గర ఆమె చెప్పిన పని కబుర్లు ఆయన ఏ చెవిన విని ఏ చెవిన వదిలాడో మరి.

లోపలి దంతాలు చూసింది. మిట్టలన్నీ అరిగి చదునైపోయాయి. యాభై దాటిన మనిషి నోట్లో ఉండాల్సిన అరుగుదల. పక్కబల్ల మీద మైనం పనిచేసే మేస్త్రి తొంగిచూశాడు.

"పిండిమర మింగినట్టుందే. పాపం, ఇంత కసి ఎవరిమీదమ్మాయ్ ఈ పిల్లకి?"

"ఏమో మేస్త్రిగారూ. నంబరే ఉంది" అందామె. ఆ రోజు ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

రెండోది వెంటనే ఆడింది. తొడుగు గట్టిదా మెత్తదా అన్న అనుమానం వస్తే డాక్టరుకు ఫోన్ చెయ్యడం మామూలే. చేసింది, ఆ పిల్ల తల్లినని చెప్పకుండా. డాక్టరమ్మ మాటకారి. పిల్ల మూడు నెలలుగా కొరుకుతోందట. మనసుకు వైద్యం చేసే డాక్టరు పంపిస్తే వచ్చిందట. చదివి చదివి లోపల ఏమీ మిగలకుండా అయిపోయిందనీ, ఒక ఏడాది ఊరికే వదిలెయ్యమనీ ఆ డాక్టరు చెప్పిందట. దరఖాస్తులు పిల్ల ఎప్పుడో మానేసిందట, ఒక్కటీ పంపలేదట. తండ్రి బంగారంలాంటి మనిషట, చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడట. "తల్లికి చెప్పలేదట, పాపం. గట్టిదే చెయ్యండి" అని పెట్టేసింది. ఆ పాపం ఎవరి లెక్కలోకి వస్తుందో విడమర్చలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చార్టు మీద ఆరో టిక్కు ఉంది. మిగతా అయిదింటికన్నా నీటుగా, తోకతో సహా.

భోజనాల దగ్గర ఆమె మామూలుగానే అడిగింది. "మొన్న ఆదివారం మీరిద్దరూ ఎక్కడికెళ్ళారు?"

"చెప్పాగా, పుస్తకాల కొట్టుకి" అన్నాడాయన.

"ఏం కొన్నారు?"

"కావలసిన పుస్తకం దొరకలేదులే." నీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడు.

ఒక్కపూట సెలవు కోసం పైఅధికారికి కడుపునొప్పని చెప్పడానికి గంట నీళ్ళు నమిలే మనిషి. రెప్ప కూడా వెయ్యలేదు. పిల్ల తల వంచుకుని మెతుకులు కెలుకుతోంది. పిల్ల చదువు ఆపిందన్నది ఆమెకు తర్వాతి సంగతి. ఇంట్లో ఇంకో ఇల్లు కట్టుకుని ఆ ఇద్దరూ మూడు నెలలుగా అందులో కాపురముంటున్నారు, తనను గడప బయట ఆపిల్ ముక్కలు కోసుకోమన్నారు. అదీ ఆమెను కోసింది.

చీటీ తీసి బల్లమీద పడేస్తే అయిపోయేది. ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు. కానీ దొరికిపోయాక ఒప్పుకోవడం వేరు, చెప్పడం వేరు. పిల్ల తనంతట తాను, తన నోటితో, తనకు చెప్పాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. అది దక్కకపోతే మిగిలిన బతుకంతా ఆపిల్ ముక్కలే. అందుకని పంటిబిగువున ఊరుకుంది. నీ నోట్లో నువ్వుగింజ నానదని పెళ్ళయినప్పటినుంచీ వెక్కిరించిన మొగుడు చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాడు.

మర్నాడు తొడుగు చేసింది. రెండు దవడల్నీ ఇనుప చట్రానికి బిగించి, మూసి తెరిచి, ఎక్కడ తగులుతోందో చూసుకుంటూ నునుపు చేస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. కుడివైపు వెంట్రుకవాసి మిట్ట వదిలేస్తే చాలు. రెండ్రోజుల్లో దవడ సలుపుతుంది. సలిపినవాళ్ళు ఎవర్నో ఒకర్ని అడగాలి. దాన్ని సరిచెయ్యగలిగింది ఆ ఇంట్లో ఒక్కతే. అప్పుడు రావలసిందే, చెప్పవలసిందే.

అరగంటసేపు ఆ మిట్టను ఉంచి చూసింది. తర్వాత అరగదీసేసింది. తల్లిమనసు అని ఎవరూ కళ్ళొత్తుకోనక్కర్లేదు. చెడ్డపని బల్ల దాటించడం ఆమెకు చేతకాదు, అంతే. మేస్త్రి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేమన్నా రాణిగారి నోరా అమ్మాయ్?"

మంచిపని చేసినందుకు ఫలితం దక్కింది: తొడుగు అతికినట్టు సరిపోయింది, ఎవరూ ఏమీ ఫిర్యాదు చెయ్యలేదు. పది రోజులు గడిచాయి. పిల్ల దవడల దగ్గర బిగుసుకున్న కండ వదులవడం ఆమెకు కనిపించింది. పొద్దునపూట పిల్ల కణతలు నొక్కుకోవడం మానేసింది. ఆమె కూడా "ఎంతవరకొచ్చింది" అని అడగడం మానేసింది. అది పెద్దమనసేం కాదు. "అయిపోతోందమ్మా" అన్న మాట ఇంకొక్కసారి వింటే తన పళ్ళే విరిగేట్టున్నాయి.

ఏడో కాలేజీ ఆఖరి తేదీకి ముందురోజు సాయంత్రం, పని నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా, ఆమె వంటింటి తలుపు మీది చార్టు ఊడదీసింది. అంటించిన టేపు రంగుతో సహా ఊడొచ్చింది. చుట్ట చుడుతుంటే పిల్ల వచ్చింది. చేతిలో ఆకుపచ్చ పెన్ను.

"ఇంకోటి ఉందిగా అమ్మా."

"ఉంటే ఉండనీ."

పిల్ల పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. లోపలికెళ్ళి ఒక చిన్న నీలం డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది.

"నేను ఒక్కటి కూడా పంపలేదు. అన్నీ అబద్ధం టిక్కులే" అంది.

"తెలుసు."

"నాన్న చెప్పాడా?"

"ఈ డబ్బాలోది ఎవరు చేశారనుకున్నావ్?"

పిల్ల డబ్బా వైపు చూసింది, తల్లి చేతులవైపు చూసింది. వేళ్ళ సందుల్లో రాతిపిండి ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడే మొగుడు గుమ్మం దాకా వచ్చాడు. డబ్బా కనబడగానే దొంగకు తేలు కుట్టినట్టు వెనక్కి తిరిగాడు.

"నాన్నకి చెప్పుకున్నావు. నాకెందుకు చెప్పలేదు?" అందామె.

"నాన్న అసలేం అడగలేదు, అందుకని చెప్పాను. నువ్వు తిట్టి ఉంటే నీకూ చెప్పేదాన్నేమో. రోజూ ముక్కలు కోసి పెట్టి, అంత మెత్తగా అడిగేదానివి. లేదని ఎలా చెప్పనమ్మా?"

ఇది అన్యాయమని ఆమెకు అనిపించింది. ఇరవై రెండేళ్ళ పని నేర్పిన అలవాటు కొద్దీ, మాట ఎక్కడ సరిగ్గా తగిలిందో కూడా తెలిసింది.

"కోపంగా ఉందా?"

"ఉంది. చాన్నాళ్ళుంటుంది" అందామె. "నీమీద కొంచెం. మీ నాన్నమీద ఎక్కువ."

డబ్బా తెరిచి తొడుగు బయటికి తీసింది. అంచు చుట్టూ బొటనవేలితో తడిమింది. అప్పుడే కొరికిన గీతలు పడుతున్నాయి, కానీ పైపైనే.

"ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

"లేదు. ఉన్నట్టే తెలీదు."

"వేడినీళ్ళతో కడక్కు, వంకరపోతుంది" అని దాన్ని డబ్బాలో పెట్టి మూసింది.

ఆ పూట గిన్నెలు పిల్ల తోమింది. ఆమె వద్దనలేదు.