సోలోమోను నిర్దోషి

పదకొండేళ్ళ పాటు ఒక అమాయకుడి మీద నింద మోపి, ఆ నింద నీడలో హాయిగా ఇడ్లీలు తింటూ బతికిన మనిషిని నేను. నా మూలంగా ఒక ఈస్టరు పండుగ భ్రష్టు పట్టింది. నా పెళ్ళినాటి పంచె ప్రార్థనా మందిరంలో ఎక్కకూడని చోటికి ఎక్కింది. భోజనాల బంతిలో పన్నెండు మంది పెద్దమనుషులు ఒకరినొకరు విడిపించుకోలేని స్థితికి వచ్చారు. ఇదంతా నేను చేసింది. సోలోమోను చేయలేదు. ఆ మాట నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

సోలోమోను ఒక పిల్లి.

నవ్వకండి, ముందు విషయం వినండి. మాది గజపతినగరంలో చిన్న బాప్టిస్టు సంఘం. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద ఈస్టరునాడు కొత్త గుడ్డ పరవడం మా ఆనవాయితీ. అది కొట్లో కొన్నది కాకూడదు. సంఘంలోని ఒక స్త్రీ ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ కొక్కెం సూదితో అల్లింది కావాలి. ఏ యేడు ఎవరు అల్లాలో చెప్పేది స్త్రీల సమాజం అధ్యక్షురాలు మాణిక్యమ్మగారు. ఆవిడ ఇల్లు మా ఎదురుగానే. సోలోమోను ఆవిడ పిల్లే.

ఆ యేడు ఆవిడ నా భార్య కరుణ పేరు చెప్పారు. కరుణ ఆ పిలుపు కోసం పెళ్ళైనప్పటి నుంచీ ఎదురుచూస్తోంది. వాళ్ళమ్మ చనిపోయే ముందు ఇచ్చిన స్టీలు కొక్కెం ఒకటి పెట్టెలో దాచుకుని ఉంది. దాన్ని బయటికి తీసి, శ్రమదినాలు మొదలైన రోజున నడిమధ్య పువ్వు అల్లింది. రోజూ వంట అయ్యాక, పప్పు కుక్కరు మూడో విజిల్ వేసేలోపు ఒక వరస, నేను బడి నుంచి వచ్చేలోపు ఇంకో వరస. పువ్వు చుట్టూ ఆకులు, ఆకుల చుట్టూ తీగలు, తీగల చుట్టూ ద్రాక్ష గుత్తులు. ఈస్టరు ముందు శనివారానికి గుడ్డ బల్లంత అయింది. చివరి అంచు ఒక్కటే మిగిలింది, దారపు ఉండ అయిపోయింది. ఆఖరి ముడి జారకుండా పిన్నీసు గుచ్చి, గుడ్డను సంచిలో పెట్టి, సంచిని తలుపు వెనక మేకుకు తగిలించింది.

"బావా, నాను మందిరానికి ఎల్తన్నాను. పువ్వులు కట్టాలి. వస్తా వస్తా కొత్త ఉండ తెస్తాను. ఆ సంచీ జోలికెల్లకు, ఇంటన్నావా?"

"ఇంటన్నాను," అన్నాను. వినలేదు. ఎందుకంటే ఆ సమయంలో నేను కాకరకాయల గురించి ఆలోచిస్తున్నాను.

ఈ కాకరకాయలేమిటి అంటారా? ఈస్టరు మధ్యాహ్నం సంఘమంతా కలిసి భోంచేస్తాం, ఇంటికొక వంటకం తెస్తారు. ప్రతి ఇంటి నుంచీ కోడికూరే వస్తోందని, ఈసారి మా అమ్మ చేసే గుత్తి కాకరకాయ నా చేత్తో నేనే చేసి తెస్తానని, ముందటి ఆదివారం పురుషుల కూడికలో లేచి నిలబడి ప్రకటించాను. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. లేచి నిలబడి ప్రకటించడం నా వృత్తిలో భాగం. వంట చేయడం మాత్రం కాదు.

అయినా మొదలుపెట్టాను. నూట ఇరవై కాయలు. ఉప్పు, పసుపు, చింతపండు వేసి ఉడికించి, వేయించిన శనగపప్పు, నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లి, మా వైపు కాబట్టి ధారాళంగా బెల్లం, అన్నీ నూరి కూరాను. మొదటి కాయ నూనెలో వేయగానే నోరు తెరిచి కారమంతా కక్కేసింది. అమ్మ ప్రతి కాయకూ దారం చుట్టేదని అప్పుడు గుర్తొచ్చింది.

దారం కోసం ఇల్లంతా వెతికాను. పురికొస దొరికింది, అది కాయకంటే లావుగా ఉంది. ఇక లాభం లేదనుకుని తలుపు వేయబోతే, తలుపు వెనక సంచి మూతి నుంచి తెల్లటి నూలు దారపు కొస ఒకటి నన్నే చూస్తూ వేలాడుతోంది. లాగాను, రాలేదు. చెయ్యి లోపలికి పెట్టి తడిమితే పిన్నీసు తగిలింది. పాపం ఈ దారాన్ని ఎవరో బంధించారే అనుకుని, చెర విడిపించిన దయామయుడిలా పిన్నీసు తీసేశాను.

అబ్బ! ఎంత ధారాళంగా వచ్చిందనుకున్నారు! లాగిన కొద్దీ టుక్కు టుక్కుమని చిన్న చప్పుడుతో వస్తూనే ఉంది. పైగా మామూలు దారంలా తిన్నగా లేదు, చంటిపిల్ల జుట్టులా ఉంగరాలు తిరిగి ఉంది. కొత్త రకం కాబోలు, కాయకు బాగా పట్టు దొరుకుతుందని సంతోషించాను. సంచిలో ఏముందో ఒక్కసారైనా చూడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ పదకొండేళ్ళుగా అదే అడుగుతున్నాను.

ఒక్కొక్క కాయకూ మూడు బారలు చుట్టాను. సమాధిలోంచి బయటికి నడిచొచ్చిన లాజరు ఒంటి మీద కూడా అన్ని కట్లు ఉండి ఉండవు. కాయకాయకూ తెంపడం బద్ధకమై ఒక కాయ నుంచి ఇంకో కాయకు అలాగే చుట్టుకుంటూ పోయి, మూకుడుకు పన్నెండు చొప్పున, పన్నెండు కాయలకొకసారి పళ్ళతో కొరికాను. నేల మీద పాకుతున్న దారం చూసి సోలోమోను కిటికీలోంచి దూకి వచ్చాడు. కాసేపు ఆడుకున్నాడు, కాలికి మూరెడు దారం చుట్టుకుని గోడెక్కి కూర్చున్నాడు.

ఆఖరి కాయ నూనెలోంచి తీస్తుండగా కరుణ వచ్చింది. చేతిలో కొత్త దారపు ఉండ.

"కాకరకాయ వాసన వీధి సివరి దాకా వస్తన్నాది బావా! అత్త సేసినట్టే ఉన్నాది," అంటూ తలుపు వెనక్కి వెళ్ళింది.

నేను తిరిగి చూస్తే, సంచి నేల మీద ఉంది. కరుణ అరచేతిలో అరచేయంత పువ్వు ఒకటి ఉంది. నలభై రోజుల ద్రాక్షతోటలో అదొక్కటే మిగిలింది.

"బావా, నా గుడ్డేదీ?"

సరిగ్గా అప్పుడు నాకు అర్థమైంది. మూకుడు వైపు చూశాను. గోడ వైపు చూశాను. గోడ మీద సోలోమోను, కాలికి దారం.

"పిల్లి!" అన్నాను.

ఒక్క మాట. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ ఆలోచించలేదు.

కరుణ ఏడవలేదు. ఆ పువ్వును కొంగుతో తుడిచి, ప్రభువు పటం ముందు బైబిలు మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణేమో. ఏడవలేదు కాబట్టి మాణిక్యమ్మగారింటికి పరిగెత్తి పిల్లి మీద ఫిర్యాదు చేశాను.

"మా సోలోమోనా! దానికి పెరుగన్నం తినడమే బద్ధకం నాయినా, అంత గుడ్డ ఇప్పీసిందా?"

"నా కళ్ళతో చూశానండీ. ముందు దారం పట్టుకుంది. తర్వాత నన్ను చూసింది. నవ్వింది."

"నవ్విందేటి?"

"నవ్వినట్టేనండి."

సాయంత్రం ఆవిడ అల్లుడి లారీ సాలూరు వెళ్తూ ఉంటే, మూత చిల్లులున్న బుట్టలో సోలోమోనును ఎక్కించడం మా కిటికీలోంచి చూశాను. బుట్టలోంచి అతను కూడా నన్ను చూశాడు. ఆ చూపు గురించి రాయలేను.

మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతూ సమాధుల తోటకు వెళ్ళి వచ్చాం. మందిరంలో సూర్యోదయపు ఆరాధన మొదలైంది. ప్రభువు బల్ల మీద నా పెళ్ళి పంచె ఉంది. ఇంట్లో అంత పొడుగు తెల్లగుడ్డ ఇంకోటి దొరకలేదు. పంచె నడిమధ్య, రొట్టె పళ్ళెం కింద, కరుణ ఆ చిన్న పువ్వును పెట్టింది. "హల్లెలూయ" అని అందరూ గొంతెత్తితే నేను పెదవులు మాత్రం ఆడించాను. పైగా పాస్టరుగారు "మాస్టారూ, బల్ల విషయం సంఘానికి రెండు ముక్కల్లో చెప్పండి" అన్నారు. లేచాను. ఈస్టరు ఉదయం, దేవుని మందిరంలో, పిల్లి మీద సాక్ష్యం చెప్పాను. ఈసారి అది రెండుసార్లు నవ్వింది.

భోజనాల వేళైంది. మగవాళ్ళం నేల మీద బంతిగా కూర్చున్నాం. వడ్డించడం కూడా నేనే. పాస్టరుగారి ఆకులో ఒక కాకరకాయ వేయబోతే దాని వెనక రైలు పెట్టెల్లా మిగతా పదకొండూ లేచాయి. కంగారుపడి ముందుకు నడిచాను. పక్కాయన ఆకులో ఒకటి, ఆ పక్కాయన ఆకులో ఒకటి, అలా పన్నెండు ఆకుల్లో పన్నెండు పడ్డాయి, దారం మాత్రం ఒకటే. పాస్టరుగారు తన కొస లాగారు. ఆ చివరనున్న సంఘపెద్దగారి కాయ ఆయన నోటి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

"ఎవుడ్రా నా కూర లాగీసినోడు?" అన్నారు పెద్దాయన.

"నాను కాదు బావా, పాస్టరుగారు!" అన్నారు ఆయన పక్కాయన.

"అయ్యగారైతే మాత్రం? నా కాయ నాకొగ్గీమను!"

ఆయన తిరిగి లాగారు. మధ్యలో వాళ్ళ సాంబారులోకి కాయలు దూకాయి. ఒకాయన మీసానికి, ఇంకొకాయన చొక్కా గుండీకి, మూడో ఆయన చేతి గడియారానికి దారం పడింది. విడిపించబోయినవాళ్ళందరూ చిక్కుకున్నారు. పాస్టరుగారు ఓపిక గల మనిషి. "మనమందరం ఒక్కటే అని ప్రసంగంలో చెప్పాను గానీ, ఇంత గట్టిగా అనుకోలేదు," అన్నారు.

ఆడవాళ్ళు వచ్చి విడిపించడం మొదలుపెట్టారు. కరుణ పెద్దాయన చెవి మీది దారం తీసి, రెండు వేళ్ళ మధ్య సాగదీసింది. వదిలింది. దారం ఉంగరాలు తిరిగి వెనక్కి ముడుచుకుంది. మళ్ళీ సాగదీసింది, మళ్ళీ వదిలింది. ఒకసారి అల్లి విప్పిన దారం మాత్రమే అలా ముడుచుకుంటుందని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది.

నా వైపు చూసింది. బేసిను తెచ్చి బంతి వెంట నడిచింది. "దారాలు ఆకుల్లో ఒగ్గకండి, ఇందులో ఎయ్యండి. గొంతుకి అడ్డం పడతాది."

"ఎంత జాగ్రత్త తల్లీ నీది," అని మెచ్చుకున్నారు అందరూ.

ఆ సాయంత్రం ఉతికి ఆరబెట్టిన దారాల గుట్ట నా ముందు పెట్టింది. పసుపు, కారం పట్టి బంగారు రంగులో ఉన్నాయి. వాటి పక్కన స్టీలు కొక్కెం.

"అల్లు."

"నాకు రాదే!"

"లాగడం వచ్చింది కదా. తిరగేసి సెయ్యి, అల్లడమౌతాది."

"సంఘానికి నిజం చెప్పేయనా?"

"అది నీకూ దేవుడికీ. నాకు మాత్రం గుడ్డ గావాల."

సోలోమోను సోమవారం అదే లారీలో తిరిగొచ్చాడు. వెళ్ళిన నాటి నుంచి లెక్కేస్తే ఎన్నో రోజో మీరే చూసుకోండి, ప్రభువు మూడో రోజున లేచిన వారంలో ఆ లెక్క పైకి చెప్పే ధైర్యం నాకు లేదు. కాస్త ఒళ్ళు చేశాడు. నా గుమ్మం ముందు కూర్చుని, నేను ముళ్ళు వేస్తుంటే చూశాడు.

నిజం చెప్పొద్దూ, మొదటి నెల నరకం. వాలీబాలు పట్టిన వేళ్ళకు కొక్కెం చీపురుపుల్లలా ఉండేది. కానీ మెల్లగా, ఎప్పుడో తెలియకుండా, బడి నుంచి రాగానే చెయ్యి దాని కోసం వెతకడం మొదలుపెట్టింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది, కరుణ పోపుకు వెల్లుల్లి దంచుతూ కీర్తన పాడుతుంది, నేను ముళ్ళు లెక్కపెడుతుంటాను. లెక్క తప్పితే ఆమె పాట ఆపకుండానే నెత్తిన ఒకటి వేస్తుంది. ఆ అరగంట కోసమే రోజంతా విజిల్ ఊదానా అనిపించేది. మరుసటి ఈస్టరుకు బల్ల మీద బంగారు రంగు గుడ్డ, దాని నడుమ కరుణ తెల్లపువ్వు. పునరుత్థానపు వెలుగు అన్నారు పాస్టరుగారు. సోలోమోను మందిరంలోకి వచ్చి గుడ్డ వాసన చూసి తుమ్మాడు.

ఆ తర్వాత ఏటేటా మాణిక్యమ్మగారు కరుణ పేరే చెప్పడం, నేను తలుపు మూసుకుని అల్లడం. బల్లగుడ్డతో ఆగలేదు. ప్రసంగ వేదికకు తెర, కానుకల సంచి, కీబోర్డుకు ముసుగు, పాస్టరుగారి గొడుగుకు తొడుగు. నేరం చేసినవాడికి ఎంత చేసినా తక్కువే అనిపిస్తుంది కదా.

మొన్న చలికాలంలో సోలోమోను నిద్రలోనే పోయాడు. గుడ్డ నాశనం చేసిన పిల్లిగానే పోయాడు. ఇక ఆగలేకపోయాను. ఈ ఈస్టరునాడు సాక్ష్యాల సమయంలో లేచి, పిన్నీసు దగ్గర నుంచి పిల్లి నవ్వు దాకా అంతా చెప్పేశాను. చివర్లో చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమని ఒక నవ్వు, దాని వెనక ఇంకోటి.

మాణిక్యమ్మగారు కర్ర పట్టుకుని లేచారు.

"కూకో నాయినా. ఇంత దానికి ఏడుపేటి? మాకు తెల్దేటి? ఆ దారం మా అందరి సేతుల్లోంచే కదా బేసిన్లో పడింది. అల్లిన దారం తెల్దా మాకు!"

"అందరికీ తెలుసా?"

"పిల్లితో సహా."

"మరి దాన్ని సాలూరు పంపించేశారు కదండీ, శిక్షగా!"

"శిచ్చేటి? మా అల్లుడి లారీ షెడ్డులో ఎలకలు పడ్డాయి. రెండు రోజులు డూటీకెల్లి వచ్చింది."

పదకొండేళ్ళు! పదకొండేళ్ళు ఆ పిల్లికి దొంగచాటుగా చేపముక్కలు పెట్టాను!

"మరి నాకు ఒక్కమాట చెప్పలేదేమండీ?"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "సెప్పీస్తే నువ్వు అల్లడం మానీవా? నలబై రోజులు సూదట్టుకు కూకోడానికి మాకు తీరికేదీ? నీ పాపం మా సంఘానికి పెద్ద దీవెన నాయినా. ఒప్పీసుకున్నావు, బాగుంది. కిటికీలకి మాత్రం తెరలు ఇంకా బాకీ ఉన్నాయి."

కరుణ వైపు చూశాను. తల వంచుకుని ఉంది, భుజాలు ఊగుతున్నాయి. ప్రార్థన అనుకునేంత అమాయకుణ్ణి ఇప్పుడు కాను.

కాబట్టి, సోలోమోను నిర్దోషి అని ఇందుమూలంగా ప్రకటిస్తూ, పాఠకుల ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సంచిలోంచి ఏ దారం వేలాడినా దాన్ని లాగను. దాని వెంట నడిచి వెళ్ళి, రెండో కొసన ఎవరున్నారో చూసి, వారికి నమస్కరించి వెనక్కి వస్తాను. పిన్నీసును దైవంగా భావిస్తాను. కాకరకాయలను జీవితాంతం చక్రాలుగా తరిగే వేపుతాను.

ఇంకా ప్రమాణాలు ఉన్నాయి గానీ సమయం లేదు. మందిరానికి ఎనిమిది కిటికీలు.