వంకకు అవతల సమాధుల తోట

నా చిన్నప్పుడు పుంగనూరు దగ్గర మా ఊళ్లో, మా క్రైస్తవ సంఘంలో ఎవరు చనిపోయినా శవపెట్టెను వంక దాటించాల్సిందే. సమాధుల తోట అవతలి గట్టున ఉండేది. వానాకాలంలో వంకంతా మోకాళ్ల లోతు బురద. అసెంబ్లీ ఓట్లప్పుడు వచ్చిన నాయకుడికి మా అవ్వ ఆ సంగతి చెప్పుకుంది. ఆయన జీపు దిగకుండానే తల ఊపి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు పంచాయతీ ఓట్లు వచ్చాయి. ఆ రోజుల్లోనే, బాగా వాన కురిసి వెలిసిన పొద్దున, మా తాత ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. సర్పంచికి నిలబడిన పెద్దమనిషి పూలదండ పట్టుకుని వచ్చాడు. మా వీధి ఓట్లు లేకుండా గెలవలేనని ఆయనకు తెలుసు. మా అవ్వకూ తెలుసు. కొంగుతో కళ్లు తుడుచుకుని అంది:

"దండ ఆడ పెట్టప్పా. భుజం ఇయ్యి."

అందరూ చూస్తుంటే కాదనలేకపోయాడు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించాక పెట్టె లేచింది. వంకలో ఆయన కాలు జారింది. పెట్టె ఒరిగింది. తెల్లపంచె నడుం దాకా బురదైపోయింది.

"ఇన్నేండ్లూ ఈ దోవనే మోస్తాండారా?" అన్నాడు రొప్పుతూ.

"జీపులో కూసున్నోల్లకు కనపడదు నాయనా" అంది అవ్వ.

ఆయన గెలిచాడు. మళ్లీ వానలొచ్చేలోపు వంక మీద కల్వర్టు కట్టించాడు.

ఆ కల్వర్టు కొట్టుకుపోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఆయన మనవడే సర్పంచికి నిలబడతానంటున్నాడు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా గుడి ముందు అతణ్ని ఆపి, కల్వర్టు మాటేమిటని అడిగాను. నవ్వాడు.

"ఈసారి అసెంబ్లీకీ పంచాయతీకీ ఒకే దినం ఓట్లంటాండారు అవ్వా. పైన గాలి ఎట్లుంటే కింద అట్లే. నీ వంకను సూసి ఎవురు ఓటేస్తారు సెప్పు?"

ఖర్చు మిగులుతుందని చదువుకున్నవాళ్లు అంటున్నారు. మిగిలితే మిగలనీ. పంచాయతీ ఓట్లు విడిగా వచ్చినందుకే కదా ఆనాడు మా వంక ఒక మనిషి కంటపడింది. పాలించేవారి కోసం ప్రార్థించమని వాక్యం చెబుతుంది, ప్రతి ఆదివారం ప్రార్థిస్తూనే ఉన్నాను. ఈమధ్య ఆ మాటలు పైపైన అనేసి ముందుకు పోతున్నాను. దేవుడు క్షమించాలి.

నాకూ వేళ దగ్గరపడింది. నా పెట్టె దగ్గరికి ఓటు అడిగేవాడెవడైనా వస్తే దండ పుచ్చుకోవద్దని మా పిల్లలకు చెప్పిపెట్టాను. భుజం అడగమన్నాను.