రుజువమ్మ చూసిన నాలుగో కాలు

ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఆవిడను అందరూ రుజువమ్మ అనేవారు. ఎవరు ఏం చెప్పినా ఆవిడ మొదటి మాట "రుజువేది?" ప్రేమిస్తున్నానని చెప్పిన రోజున భర్తను కూడా అదే అడిగిందట. పాపం, ఆయన ఇప్పటికీ రుజువు చూపిస్తూనే ఉన్నాడు.

హేతువాద సంఘానికి ఆవిడే కార్యదర్శి. మహిమలు చూపిస్తామని వచ్చినవాళ్ళు, ముందు వరుసలో ఆవిడ కూర్చుందని తెలిస్తే మూటాముల్లె సర్దుకునేవారు.

అలాంటి మనిషికి ఒక జ్వరం తర్వాత చెవిలో హోరు పట్టుకుంది. నిద్ర కరువైంది, తిండి సహించడం మానేసింది. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. చెవి డాక్టరు దీనికి మందు లేదన్నాడు.

"ధ్యానం చేసి చూడండి. హోరు పోదు. దానితో మీ గొడవ తగ్గుతుంది."

ధ్యానం నేర్పే మనిషి ఇంట్లోనే ఉంది, భర్త చెల్లెలు. దేవుడి మాట ఎత్తితే వదిన విరుచుకుపడుతుందని ఏళ్ళ తరబడి నోరు కట్టుకుని బతుకుతోంది.

"నేర్పుతాను గానీ వదినా, మధ్యలో రుజువు అడక్కూడదు."

"అడగనులే. ముందు కూర్చోబెట్టు."

ఇస్త్రీ బల్ల పక్కకు జరిపి, చాప పరిచి ఇద్దరూ కూర్చునేవారు. మొదట్లో రుజువమ్మ కళ్ళు మూసుకుంటే ల్యాబులో కడగాల్సిన గాజుపలకలూ, తీగ మీద మరిచిపోయిన దుప్పట్లూ కనిపించేవి. ఊపిరిని గమనించమంటే ఊపిరే ఆడేది కాదు. అయినా పట్టు వదల్లేదు. మెల్లగా నిద్ర తిరిగొచ్చింది.

తర్వాత ఒక ఉదయం కిటికీలోంచి ఎండ ఆవిడ మోకాలి మీద పడింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. ఉన్నట్టుండి ఆ గంటా, ఆ ఎండా, చెవిలోని హోరూ, తానూ వేరువేరు కాదనిపించింది. అంతులేనిదేదో తనను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టయింది. కన్నీళ్ళు ధారకట్టాయి.

"దేవుడే వదినా!" అంటూ ఆడపడుచు ఆవిడ చేతులు పట్టుకుంది.

"ఏమో. ముందు తలకు స్కాన్ తీయించుకోవాలి," అంది రుజువమ్మ ముక్కు చీదుతూ.

స్కాన్‌లో ఏమీ తేలలేదు. అనుభవం మాత్రం మళ్ళీ వచ్చింది. నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆవిడకు దాపరికం ఒంటికి పడదు. సంఘం సమావేశంలో లేచి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

హాల్లో కలకలం రేగింది. అధ్యక్షుడైన లెక్కల మాస్టారు కళ్ళజోడు తీశాడు.

"రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందమ్మా. అదంతా మెదడు చేసే గారడీ."

"మీరు లెక్కలు చేసింది మెదడుతో కాదా మాస్టారూ? మెదడులో జరిగినంత మాత్రాన లెక్క తప్పయిపోతుందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయితే దేవుడున్నాడంటావా?" అన్నాడు మాస్టారు.

"అనను. దానికి నా దగ్గర రుజువు లేదు. కానీ నాకు అలా అనిపించింది, దానివల్ల మనిషినయ్యాను. ఇది జరిగిన సంగతి. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను ఇన్నాళ్ళూ వెక్కిరించాం. ఇప్పుడు నాకు నాలుగో కాలు కనిపించింది. సంఘం పరువు కోసం మూడే అనమంటారా? నావల్ల కాదు. నన్ను నమ్మొద్దు, మీరే కూర్చుని చూడండి. ఏమీ జరగకపోతే ఆ మాటే చెప్పండి."

మాస్టారు అద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "ఈవిడే కార్యదర్శిగా ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే హాలంతా చేతులే. అందరికంటే ఆఖరున మాస్టారి చెయ్యీ లేచింది.

ఇంటికి రాగానే ఆడపడుచు ఎదురొచ్చింది. "గెలిచావటగా! దేవుడని చెప్పావా?"

"లేదు. నీకు దేవుడు, నాకు ఇంకా తేలని సంగతి."

"సరేలే. ఆయనకేం తొందర లేదు."

ఆ ఆదివారం ధ్యానం నేర్పడానికి ఆడపడుచు హేతువాదుల హాల్లో గురువు కుర్చీలో కూర్చుంది. ఎదురుగా కుర్చీలన్నీ నిండిపోయి, గోడవారన కూడా జనం నిలబడ్డారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. పక్క కుర్చీలోని రుజువమ్మ మాత్రం కాసేపు కళ్ళు తెరిచే ఉంచి, నిటారుగా కూర్చున్న మాస్టారినీ, ఆ హాలునూ కళ్ళారా చూసుకుంది. ఆనందం పట్టలేక ఆడపడుచు చెయ్యి గట్టిగా నొక్కింది.