ముందు మైకులో చెప్పు

రాయదుర్గం బస్టాండు ఎదురుగా పై అంతస్తులో ఉండే తిప్పేస్వామన్న నెట్ సెంటర్‌లో ఒక రూలు ఉండె. నెట్‌లో ఏం పెట్టాలన్నా, ముందు దాన్ని మైకులో చెప్పాల. ఊరికే నోట్లో గొణుక్కుంటే చాలదు. మిద్దె మీది హారన్లో బస్టాండంతా వినపడేటట్ల చెప్పాల.

నమ్మితే నమ్మండి, లేకుంటే మానండి. ఆ మైకు ముందర నిలబడినదాన్ని నేను.

ఇది ఫేస్‌బుక్ మా ఊరికి రాకముందు, ఆర్కుట్ కాలం మాట. ఆ సెంటర్ పెట్టకముందు అన్న ఇరవై ఏండ్లు మైక్ సెట్ నడిపినాడు. పెండ్లికీ ఆయప్పే, జాతరకీ ఆయప్పే, ఎలక్షన్లకు రెండు పార్టీలకూ ఆయప్పే. డీజేలు వచ్చినాక గిరాకీ పడిపోయె. సెట్టు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు తెచ్చినాడు. ఒక్క హారన్‌ను మాత్రం అమ్మబుద్ధి కాలేదు. దాన్ని పిట్టగోడకు కట్టి, మూతి బస్టాండు పక్కకు తిప్పినాడు.

"నెట్టంటే ఏముంది పాపా? అదీ మైకే. హారన్ కనపడదు, అంతే తేడా. కనపడే హారన్లో చెప్పలేనిది, కనపడని హారన్లో ఎందుకు చెప్పాల?" అంటాండె.

నేను పక్క సందులో జీన్స్ యూనిట్లో జేబులు కుట్టేదాన్ని. ఆదివారమైతే సెంటర్‌కు పోయేదాన్ని. నెట్ కోసం సగం, మైకు కోసం సగం. ఆ తమాషా టీవీలో యాడ దొరుకుతాది?

ఒకసారి ఎరువుల అంగడాయన కొడుకు భరత్, పెండ్లి సంబంధాల సైటులో పేరు పెట్టాలని వచ్చినాడు. బాగా తల దువ్వుకుని, కిటికీ దగ్గరుండే మైకు అందుకున్నాడు.

"నా పేరు భరత్. నా ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు."

కింద టమేటాలు అమ్మే నల్లమ్మవ్వ తక్కెడ దించి పైకి చూసె.

"ఏందిప్పా, పదకొండా? మొన్న ఎండకని నా అంగడి పట్ట కింద దూరినప్పుడు తల కూడా వంచలేదు కదప్పా నువ్వు!"

"ఐదడుగుల ఎనిమిది," అన్నాడు భరత్, మైకులోనే.

బళ్ళారి బస్సు కండక్టర్ ఈరప్ప బస్సు ఆపించి దిగినాడు. "కిందికి రాప్పా. నేను ఐదు ఆరు. పక్కన నిలబడు, చూద్దాం."

పంచాయితీ జరిగె. బస్సులో జనం కిటికీల్లోంచి తలకాయలు బయట పెట్టి తీర్పు చెప్పిరి. చివరికి ఐదడుగుల నాలుగంగుళాలకు ఒప్పందం కుదిరె. అదే సైటులో పెట్టినాడు. మూడు నెలలకు పెండ్లి అయిపోయె! ఉన్నది ఉన్నట్ల రాసిన పిల్లోడు ఈ ఒక్కడే కనపడినాడని పిల్ల తరఫోళ్ళు మురిసిపోయిరంట.

ఇంకోసారి మా యూనిట్లో గుడ్డ కత్తిరించే బాలప్ప వచ్చినాడు. ఆర్కుట్‌లో తన గురించి రాసుకోవాలంట. గొంతు సవరించుకుని, హారన్ అదిరేటట్ల చదివినాడు.

"నాకు ఒంటరితనం ఇష్టం. నాకు మౌనం ఇష్టం."

"మౌనమంటే అంత ఇష్టమైతే రొంత చిన్నగ చెప్పప్పా, ఈడ టికెట్లు కొడ్తాండా!" అని కింద నుంచి ఈరప్ప అరిచె.

రాసేదానికే కాదు, చూసేదానికీ పద్ధతి ఉండె. కూర్చునే ముందు ఏం చూడాలని వచ్చినావో చెప్పాల. అది చూసినాక లేచి పోవాల. డిగ్రీ చదివే కుళ్లాయప్ప పరీక్ష ఫలితాలు చూడాలని చెప్పి కూర్చున్నాడు. పది నిమిషాలైనా లేవలేదు. అన్న ఎనక నుంచి తొంగి చూసి మైకు తీసుకున్నాడు.

"మూడో నంబరు కంప్యూటర్లో కుళ్లాయప్ప, ఫలితాలకని వచ్చి హీరోయిన్ ఫోటోలు చూస్తాండాడు. అప్పా కుళ్లాయప్పా, ఆయమ్మ ఎప్పుడో పాసైంది. నీ సంగతి చూసుకో!"

బస్టాండంతా చప్పట్లు. కుళ్లాయప్ప ఎనక మెట్ల మీద నుంచి పోయినోడు మల్ల పది రోజులు ఆ పక్కకు రాలేదు.

"ఎందుకన్నా, గంటలు గంటలు కూర్చుంటే నీకే కదా లాభం?" అని నేను అడిగితే, "ఉప్పుకని సంతకు పోయినోడు రోజంతా తిరిగి, ఉప్పు మర్చిపోయి ఇంటికొస్తే పెండ్లాం ఊరుకుంటాదా?" అనె. నాకు పెండ్లే కాలేదు, నేనేం చెప్పేది?

రూలు తనకూ ఉండె. ఒక పొద్దు మైకులో "ఇయ్యాల మధ్యాన్నం సంగటి తిన్నా, బాగుండె" అన్నాడు. ఆర్కుట్‌లో ఎక్కించే లోపలే కింద నుంచి "నంచుకునేకి ఊరుబిండి ఏంది?" అని ఒకరు, "మాకు పెట్టకుండానేనా?" అని ఒకరు, "నెయ్యి ఏసుకున్యావా?" అని ఒకరు. అన్న నా పక్క తిరిగి, "చూసినావా? ఆర్కుట్‌లో ఇంత బిన్నా, నిమిషంలో జవాబొస్తాదా?" అనె.

ఇంగ నా కత.

నల్లమాడ ఊరి సంబంధం ఒకటి కుదిరి ఉండె నాకు. పిల్లోడు బెంగళూరులో కోర్సు చేస్తాండె. మూడు నెలలు మెయిళ్ళు రాసుకున్నాం. పెండ్లికి పదైదు రోజులుండాయనంగా వాళ్ళ నాయన ఫోన్ చేసి, "మగోళ్ళ ప్యాంట్లు కుట్టే పిల్ల మాకొద్దు" అని పెట్టేసినాడు. ఆ పిల్లోడు కిక్కురుమనలేదు.

నా కడుపు మండె. వాని ఫోటో, వాని ఫోన్ నంబరు, వాడు రాసిన మెయిళ్ళూ నేను రాసినవీ అన్నీ ఆర్కుట్‌లో పెట్టేద్దామని తీర్మానం చేసుకున్నా. నేను రాసినవాటిల్లో ఏముండాదో నాకు తెలుసు. ఓవర్ టైమని ఇంట్లో అబద్ధం చెప్పి, బస్సెక్కి బుక్కరాయసముద్రం చెరువు కట్టకు పోయి వాన్ని కలిసిన సంగతి ఉండాది. అది మా నాయన చెవిలో పడితే ఆ పొద్దుతో నా పని బంద్, నేను గడప దాటేదీ బంద్. తెలుసు. తెలిసే పోయినా. కోపమొస్తే నాకు ఒళ్ళు తెలీదు.

"ఏం పెట్టాల పాపా?" అన్నాడు అన్న.

"శానా ఉండాదన్నా."

నా మొగం పక్క ఒక్క తూరి చూసినాడు. టేబులు కింద చెయ్యి పెట్టి ఏదో తిప్పినాడు. ఎర్ర లైటు వెలిగె. "ఆ, చెప్పు," అన్నాడు.

అరగంట చెప్పినా. వాని పేరు, వాళ్ళ నాయన పేరు, చెరువు కట్ట, అన్నీ చెప్పినా. "మమ్మల్ని చూసేకి వచ్చినప్పుడు నువ్వు తొడుక్కున్న ప్యాంటు మా యూనిట్‌దేరా! ఆ జేబు నేను కుట్టిందేరా! దాంట్లో చేతులు పెట్టుకునే కదరా నన్ను చూసినావు!" అని ఏడ్చినా.

కింద ఒక్కరూ పట్టించుకోలేదు. నల్లమ్మవ్వ టమేటాలు తూస్తాండాది. ఈరప్ప టికెట్టు ముక్కతో చెవి గెలుక్కుంటాండాడు. భరత్ ఎత్తుకు బస్సు ఆపినోళ్ళు, నా బతుకు బజారున పడితే ఒక్క మాటా అనరా? దానికీ కోపమొచ్చె నాకు.

ఏడ్పు అయిపోయినాక కంప్యూటర్ ముందర కూర్చున్నా. చెప్పాల్సిందంతా చెప్పేసినాక రాసేకి ఏం మిగిలింది? ఆ మెయిళ్ళు ఒక తూరి చూసినా, అన్నీ తీసేసినా, లేచినా. ఊరంతా వినేసిందని చున్నీ మొగం మీదికి లాక్కుని మెట్లు దిగినా.

"ఏమ్మే హేమా," అని నల్లమ్మవ్వ పిలిచె. "మైకు రిపేరా? అరగంట నుంచీ నీ నోరు ఆడతాండాది, సౌండు లేదు."

చున్నీ తీసి హారన్ పక్క చూసినా. నా ఏడ్పులో అది మోగలేదని నాకే తెలీలేదు.

అవ్వ నా కండ్లు చూసి గొంతు తగ్గించె. "ఓ, అదా. ఏడ్చేటోళ్ళొస్తే ఆ మైకు ఎప్పుడూ రిపేరేలేమ్మే. మా కోడలు రామలక్ష్మమ్మ చెప్పుకున్నప్పుడూ అంతే. ఏం చెప్పిందో ఈ పొద్దుటికీ నాకు తెలీదు. నా మీదే అయ్యుంటాది."

మెట్లు రెండేసి ఎక్కి పైకి పోయినా.

"అన్నా, మైకు ఆన్ చేయలేదా నువ్వు?"

"చేసినా పాపా. హారన్ వైరు ఎలుక కొరికినట్లుండాది."

"ఎర్ర లైటు వెలిగె కదా?"

"లైటు తావకు ఎలుక ఎందుకు పోతాది?"

"అట్లయితే నేను చెప్పిందంతా నువ్వు ఒక్కనివే విన్నావు."

"నేనా? నాకు కుడి చెవి వినపడదు. ఇరవై ఏండ్లు హారన్ల పక్కన నిలబడినోన్ని."

"మరి ఎడమ చెవి?"

"ఆ పక్క ఫ్యాను తిరుగుతాండె."

తలెత్తి చూసినా. ఆ సెంటర్లో ఫ్యానే లేదు.

నేను చూసింది ఆయప్పా చూసినాడు. గబగబా లేచి గుడ్డ తీసుకుని, తుడిచిన కంప్యూటర్‌నే మల్ల తుడిచేకి మొదలుపెట్టినాడు.

"పో పాపా పో, పొద్దు పోతాంది," అన్నాడు నా పక్క చూడకుండా. "ఇంగ మీద నల్లమాడకు పోయే ప్యాంట్లకు జేబులు కుట్టేసి మూతి కూడా కుట్టెయ్. చేతులు యాడ పెట్టుకుంటాడో చూద్దాం."

ఆ ఫోన్ వచ్చిన పదైదు రోజులకు, నాకు నవ్వొచ్చింది ఆ పొద్దే.