తువ్వాలు కింద ఓడలు

అనకాపల్లిలో దేవీప్రసాద్‌కి బెల్లం కొట్టు ఉందని అందరికీ తెలుసు. ఆ కొట్టు మేడ మీద ఆయనకు రెండు నౌకాదళాలు ఉన్నాయని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తెరచాపలెత్తి, ఫిరంగులు పేల్చుకుంటూ తిరిగిన పాతకాలపు యుద్ధనౌకల్ని వెదురుపుల్లలతో, మల్లు గుడ్డ ముక్కలతో ఆయనే స్వయంగా చేశాడు. బల్ల మీద పరిచిన నీలం దుప్పటి సముద్రం. బెల్లం ముక్కలు ద్వీపాలు. శత్రువు కన్నా ముందు వాటిని చీమలు ఆక్రమించుకునేవి.

ఇంత సరంజామా ఉన్నా, నేస్తం నానాజీ ఆటకి రావడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒక్క యుద్ధమూ జరగలేదు. ఏ రూల్స్‌తో ఆడాలో తేలితే కదా! నెట్‌లోంచి దించి ప్రింటు తీయించిన మొదటి పుస్తకం చాలా లావుపాటిది. దాని ప్రకారం గాలి వాలు లెక్కగట్టి, ఫిరంగిలో మందు కూరేసరికి భార్య ఇందు తెచ్చిన టీ చల్లారిపోయేది. రెండోది మరీ తేలిక.

"అంత కష్టపడి సేసిన ఓడ రెండు పాచికలకి మునిగిపోతాదేటి?" అని దేవీప్రసాద్ దాన్ని అవతల పారేశాడు. మూడోదాంట్లో ఓడలు గాలికి ఎదురుగా కూడా దర్జాగా నడిచేవి. అది సముద్రానికే అవమానమన్నాడు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అంది ఇందు, ఖాళీ గ్లాసులు తీస్తూ.

అసలు సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. నానాజీకి ముందు ఈ బల్ల దగ్గర ధాన్యం వ్యాపారి రామ్‌గోపాల్ కూర్చున్నాడు. ఆడిన ఒకే ఒక్క ఆటలో దేవీప్రసాద్ అతని ఓడలన్నీ ముంచేశాడు. తరవాత రామ్‌గోపాల్ మళ్ళీ మేడ ఎక్కలేదు. బజార్లో ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయేవాడు. అనకాపల్లిలో బెల్లం కొనేవాళ్ళు బోలెడుమంది. బల్ల మీద ఓడలు ఆడేవాడు ఇంకొకడు దొరకడు. నానాజీ కూడా పోతాడేమోనని దేవీప్రసాద్‌కి లోపల బెంగ. రూల్స్ తేలనంతకాలం ఓడిపోయేవాడంటూ ఉండడు కదా!

నానాజీది తుమ్మపాల. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని. ఒక ఆదివారం వస్తూనే తేల్చేశాడు.

"బావా, కంపెనీలో రూల్సే, బస్సులో రూల్సే, సెలవునాడు నీకాడా రూల్సేనా? ఈయేళ యుద్ధం ముగియాల. నేదంటే నేనింక రాను."

అన్ని పుస్తకాల్లోనూ ఉన్న చిక్కు ఒకటే: ఓడ ఎటు తిప్పాలో ఇద్దరూ రహస్యంగా నిర్ణయించుకుని, ఒకేసారి బయటపెట్టాలి. దేవీప్రసాద్ కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేసరికి పొద్దు గూకేది. చటుక్కున భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద వేశాడు.

"మా నాన్న బేరాలు సేసినట్టు, తువ్వాలు కింద వేళ్ళతో సెప్పుకుందాం. ఒక వేలు తిన్నగా, రెండు ఎడమ, మూడు కుడి. పిడికిలి పడితే ఫిరంగి."

"మా అయ్యా ఇలాగే బెల్లం అమ్మీవోడు బావా!" నానాజీ మొహం విప్పారింది.

చెరో ఓడనీ ఎదురెదురుగా పెట్టారు. చేతులు తువ్వాలు కిందికి దూరాయి. దూరగానే, తండ్రుల నాటి అలవాటు కొద్దీ, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకి ధర తెలియకూడదని పుట్టిన పద్ధతి అది. ఇక్కడ చుట్టూ ఎవరూ లేరు. ఉన్నది శత్రువు ఒక్కడే. వాడి చెయ్యి ఈయన చేతిలోనే ఉంది!

నానాజీ వేళ్ళు రెండు. అంటే ఓడ ఎడమకి తిరిగి, వెనక భాగం అప్పగించేస్తుంది. పిడికిలి పడితే చాలు, దాని పని అయిపోతుంది. దేవీప్రసాద్‌కి రామ్‌గోపాల్ తిప్పుకున్న మొహం గుర్తొచ్చింది. మూడు వేళ్ళు చాచి, తన ఓడని కుడికి తప్పించేశాడు. తరవాతి ఎత్తులోనూ అంతే. విచిత్రంగా నానాజీ ఓడ కూడా దూరంగానే జరిగిపోతోంది. పోగాపోగా ఒక ఓడ బెల్లం ద్వీపానికి తగిలి ఆగింది. రెండోది సముద్రం దాటి కుర్చీలో పడింది.

ఇందు టీ తెచ్చింది. "ఎవరు గెలిచేరు?"

ఇద్దరూ దుప్పటి మడతలు సరిచేయసాగారు. ఆవిడ గ్లాసులు పెట్టి వెళ్ళాక దేవీప్రసాద్ అడిగాడు.

"నా వేళ్ళు నీకు తెలిసిపోయేయా, బావా?"

"మొదట్నుంచీ. నావి నీకు తెలిసేయి కదా, మరి ముంచలేదేటి?"

"ముంచితే నువ్వింక రావు." అనేశాక దేవీప్రసాద్‌కి సిగ్గేసింది. "మరి నువ్వేటి, నన్నొదిలేసేవు?"

"నేను గెలిత్తే నువ్వు తలుపు తియ్యవనుకున్నాను."

ఇద్దరూ టీ తాగారు. దేవీప్రసాద్‌కి ఇంకా బెంగ తీరలేదు.

"యుద్ధం ముగియలేదు మరి. రాననేసేవు కదా."

నానాజీ ద్వీపం మీది చీమలు దులిపి, ఓ ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

"ముగియకుండా వదిలీసి, ఎలా మానీమంటావు బావా?"