మునగాకుల కొంగు

1984లో మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్లం. ఇంటి డాబా మీద ఎండతో బట్టలు అచ్చువేసి అమ్మేదాన్ని. గనుల మ్యాపులకు నీలం నకళ్లు తీసే బ్లూప్రింట్ పద్ధతే అది. డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసే మా ఆయన నేర్పితే, నేను నూలు బట్ట మీదికి తెచ్చుకున్నాను. చీకటి గదిలో ఇనుము ఉన్న రెండు రసాయనాలు కలిపి బట్టకు పూసి ఆరబెట్టాలి. ఆకులు పరిచి, పైన గాజుపలక పెట్టి ఎండలో ఉంచాలి. నీళ్లలో జాడిస్తే ఎండ తగిలిన చోటంతా నీలమై, ఆకుల నీడలు తెల్లగా తేలతాయి. ఎన్నిసార్లు చూసినా నాకది కలలాగే ఉండేది.

ఒకనాడు గని కార్మికుడి భార్య రాజేశ్వరి, తడిబట్టలో చుట్టిన మునగ కొమ్మలతో వచ్చింది.

"అక్కా, మా అవ్వ పెట్టిన చెట్టు. నిన్న గాలికి పడ్డది. అవ్వ లేకపాయె, గిప్పుడు చెట్టు గూడ పాయె. ఆకులు వాడిపోకముందే నా చీర కొంగుమీద దింపుతవా?"

దింపాను. తెల్లచీర కొంగు తీగమీద ఊగుతుంటే, నీలి ఆకాశంలోకి మునగచెట్టు మళ్లీ కొమ్మలు చాచినట్టుంది. బట్టల సోడాతో మాత్రం ఉతకొద్దని, ఉతికితే నీలం పోతుందని చెప్పి పంపాను.

కొన్ని నెలలకు ఆమె చీరతో తిరిగొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నేను ఊర్లె లేనప్పుడు మా అత్త సోడాల నానబెట్టింది. పాపం, ఆమెకు తెల్వదు. ఏం మిగల్లే అక్కా. మళ్ల అచ్చెయ్యమందామంటే ఆకులు ఏడియి?"

కొంగును వెలుతురులో పట్టి చూశాను. నీలమున్న చోట తుప్పులాంటి లేత పసుపు. అంటే ఇనుము ఇంకా బట్టలోనే ఉంది. మా పుట్టింట్లో ఇనుప మరకమీద కరక్కాయ నీళ్లు పడితే నల్లబడటం గుర్తొచ్చింది.

"ఒక ఉపాయం ఉన్నది. కుదరకపోతే పూర్తిగ ఖరాబైతది. చెయ్యనా?"

"గిప్పుడు మాత్రం ఏమున్నదక్కా. చెయ్యి."

ముందు ఒక మూల ముంచి చూశాను. నల్లబడింది. తర్వాత కొంగంతా కరక్కాయ నీళ్లలో వదిలాను. పొద్దుగూకినట్టు బట్టమీద మెల్లగా చీకటి కమ్ముకుంది. అందులోంచి ఒక్కో ఆకు, ఒక్కో రెమ్మ, మసక తెలుపులో పైకి వచ్చాయి.

రాజేశ్వరి తడికొంగును చెంపకు ఆనించుకుంది. "చిన్నప్పుడు ఎన్నెల రాత్రి ఆ చెట్టుకింద అవ్వ పక్కన మంచంల పండుకుని పైకి చూస్తే, గిట్లనే కనవడేది అక్కా."

ఆ కొంగు చూసి అలాంటిదే కావాలని ఆడవాళ్లు నా దగ్గరికి రాసాగారు. నీలం కన్నా ఆ నలుపుకే పేరొచ్చి, నా వ్యాపారం నిలదొక్కుకుంది.

రంగు పోయిందని ఎవరు బట్ట తెచ్చినా ఇప్పటికీ వెంటనే జవాబు చెప్పను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అందులో ఇంకా ఏం మిగిలి ఉందో చూస్తాను.