తడి నేల మీద ఒంటిచేతి కెమెరా

హ్నియా ఎక్కే బండిలో నేల ఎప్పుడూ తడిగానే ఉండేది.

తెల్లవారకముందే లజ్‌హర్ తన పికప్ బండిని బావి దగ్గర ఆపి, వెనక తొట్టిలో బకెట్లతో నీళ్లు గుమ్మరించేవాడు. ఆ తర్వాతే ఆడవాళ్లను ఎక్కమనేవాడు. కొత్తగా పనికొచ్చినవాళ్లు దుమ్ము కడుగుతున్నాడు కాబోలు అనుకునేవారు. మా ఊరు బీర్ హలీమాలో మిగతా అందరికీ సంగతి తెలుసు. నేల పొడిగా ఉంటే ఆడవాళ్లు కూర్చుంటారు. కూర్చుంటే తొట్టిలో పట్టేది సగం మందే. తడిలో ఎవరూ కూర్చోరు. ఒకరి నడుం ఒకరు పట్టుకుని పొలం వచ్చేదాకా నిలబడతారు. మనిషికింత అని పొలం యజమాని దగ్గర తీసుకునే లజ్‌హర్‌కి నిలబడ్డ మనుషులే లాభం.

హ్నియా ఈ నీళ్ల గురించి ఏళ్ల తరబడి ఒక్క మాట అనలేదు. లజ్‌హర్ పలకరిస్తే పలికేది. చెప్పులు జారకుండా వాటికి గోనెపీలికలు చుట్టుకునేది. మోకాలు వాస్తే ఆలివ్ నూనె రాసుకుని పడుకునేది. ఆమెను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. మా ప్రాంతంలో పొలానికి వెళ్లే ఆడవాళ్లంతా ఇలాగే ఓర్చుకున్నారు, బండ్లు తిరగబడి చచ్చిపోయినవాళ్లతో సహా.

పక్క ఊరి బండి బోల్తా పడ్డప్పుడు రాజధాని నుంచి టీవీవాళ్లు వచ్చారు. భుజాన మోసే కెమెరా, మూడుకాళ్ల స్టాండు, గొడుగు లాంటి దీపం తెచ్చారు. కదిలే బండిలో అవేవీ నిలవవు. అందుకని లజ్‌హర్ బండిని బడి ముందు ఆపించి, మిట్టమధ్యాహ్నం ఆడవాళ్లను అందులోకి ఎక్కించి తీశారు. అప్పటికి నేల ఎండిపోయింది. కొందరు హాయిగా కూర్చున్నారు కూడా. టీవీలో చూస్తే అందరూ షికారుకు బయల్దేరినట్టుంది.

"నీళ్లేవీ?" అంది హ్నియా, టీవీ ముందు కూర్చుని. ఆ ఒక్క మాటే.

ఆ చలికాలమే ఆమె తమ్ముడి కూతురు సాలిహా కడుపుతో ఉండి కూడా పనికి రావాల్సి వచ్చింది. బండి గుంతలో పడ్డప్పుడల్లా ఆ పిల్ల చేతులు రెండూ పొట్ట మీదికి పోయేవి. కమ్మీని పట్టుకోవడానికి ఇక చెయ్యి మిగిలేది కాదు. హ్నియా ఆమెను వెనక నుంచి వాటేసుకుని నిలబడేది. పిల్లొక్కదాన్నీ కూర్చోనివ్వమని లజ్‌హర్‌ని అడిగింది. ఒకరిని కూర్చోబెడితే అందరూ కూర్చుంటారక్కా, నన్ను ఇబ్బంది పెట్టకు అన్నాడతను. చెక్‌పోస్టు దగ్గర బండి నెమ్మదించినప్పుడు అక్కడి జవానుకు చెప్పుకోబోయింది. అతను వినకుండానే చెయ్యి ఊపి పంపించేశాడు. చెప్తే లాభం లేదు, చూపించాలి అని ఆమెకు అప్పుడు తట్టింది.

మా ఊళ్లోనే సంస్కృతి భవనం వెనక గదిలో ఒక ఫిల్మ్ క్లబ్బు ఉంది. బడిపంతులు, మంగలి, కరెంటు పనివాడు, ఇలా ఎవరి పని వాళ్లు చేసుకుంటూ సెలవు రోజున సినిమాలు తీసేవాళ్ల క్లబ్బు. దాన్ని నడిపే రిధా ఒకప్పుడు సాలిహాకు చదువు చెప్పిన మాస్టారు. హ్నియా వెళ్లి అడిగేసరికి ఆయన సంతోషంగా బీరువా తెరిచి, క్లబ్బులో అన్నిటికంటే మంచి కెమెరా తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె దాన్ని ఎత్తి చూసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది. "ఇది రెండు చేతులడుగుతోంది మాస్టారూ. నా రెండో చెయ్యి పిల్లని పట్టుకోవాలి."

రిధా ఆ కెమెరాను తిరిగి లోపల పెట్టాడు. తర్వాత బీరువా మూసి, సరే, ముందు నీ బండిలో ఏది నిలుస్తుందో చూద్దాం అన్నాడు. ఆ వారమే తన అన్న పికప్‌లో ఇద్దరూ ఎక్కి ఎగుడుదిగుడు బాట మీద తిరిగారు. ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఈ వయసులో మాస్టారుకు కూలిపని దొరికిందా అని మంగలి అరిచాడు. క్షవరం కంటే నయమే అని రిధా బండి మీంచే బదులిచ్చాడు.

ముందు ఫోనుతో తీశారు. బొమ్మ బాగానే వచ్చింది గానీ పలకలాంటి ఆ వస్తువుకు పట్టు లేదు. ఒక్క కుదుపుకి జారి తొట్టిలో పడింది. పైగా చీకట్లో దాని వెలుగు ముఖం మీద పడి, తీస్తున్న సంగతి దూరానికి కూడా తెలిసిపోతోంది. ఆటగాళ్లు ఛాతీకి కట్టుకునే బుల్లి కెమెరా అరువు తెచ్చారు. హ్నియా తలగుడ్డ కొంగు దానికి అడ్డం పడింది. నీళ్లు చొరకుండా వేసిన పెట్టెలోంచి మాటలు దుప్పటి కింద గొణిగినట్టు వినిపించాయి. వణుకు రాకుండా ఫోనును తనే తిప్పుకునే మోటారు కర్ర ఒకటుంది. అది పొలం దుమ్ముకి ఆగదని రిధాయే తీసి పక్కన పెట్టాడు.

చివరికి దొరికింది పాతసామాన్ల సంతలో. ఒకప్పుడు జనం పెళ్లిళ్లకీ పిల్లల పుట్టినరోజులకీ కొనుక్కున్న రకం, అరచేతిలో పట్టే కెమెరా. పక్కన తోలుపట్టీ ఉంది. అందులో చెయ్యి దూర్చి బిగిస్తే వేళ్లు వదిలేసినా పడదు. తెర తిప్పి మూసేస్తే వెలుగు బయటికి రాదు. జూమ్ మీట పనిచేయడం లేదని బేరం తగ్గింది. దగ్గరి నుంచి చూడాలంటే నువ్వే దగ్గరికెళ్లు, అదే మేలు అన్నాడు రిధా. మిగిలిన డబ్బుతో ఇంకో కటకం కొనొద్దని, చిన్న మైకూ ఇంకో బ్యాటరీ కొనమని పట్టుబట్టాడు. బొమ్మ కాస్త మసకైనా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు అని ఆయన అనుభవం.

బక్రీదు కోసం పెంచుతున్న గొర్రెపిల్లను అమ్మి హ్నియా ఇవన్నీ కొంది. పండక్కి కెమెరాని కోసుకుందామా అని మొగుడు ఎత్తిపొడిచాడు. గొర్రె పోయినా, ముందే కత్తిరించిన దాని ఉన్ని మిగిలింది. అందులోంచి గుప్పెడు తీసి మైకుకు చుట్టి దారంతో కట్టింది. గాలి రొద ఆగిపోయింది. చలికి నీరసించిపోకుండా రెండో బ్యాటరీని రొమ్ముల మధ్య పెట్టుకునేది. స్టాండు మాటే లేదు. ఒక చేత్తో సాలిహాను వెనక నుంచి వాటేసుకుని, రెండో మోచేతిని డొక్కకు నొక్కిపెట్టి, ఊపిరి వదులుతూ తీయడం నేర్చుకుంది.

బఠాణీ కోతలూ రంజానూ ఒకేసారి వచ్చాయి. అందరూ ఉపవాసంతో ఉన్నారు, సాలిహా తప్ప. రంజాను వస్తే మా దగ్గర ఉపవాసం విడిచాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు, దొంగ కెమెరా చూడటానికి. మామూలు మనుషుల్ని ఏదో చిక్కులో పెట్టి, వాళ్ల కంగారంతా చాటుగా తీసి, చివర్లో పొదలమాటు నుంచి పదిమంది చప్పట్లు కొడుతూ బయటికొస్తారు. ఆ నెలంతా దారిలో ఏ వింత జరిగినా జనం ముందు వెతికేది ఆ పొదల్నే.

ఆ ఉదయం హ్నియా బావి దగ్గర నీళ్లు పోయడం తీసింది. జారే పాదాలు తీసింది, పాటలు తీసింది, ఒకరి మీద ఒకరు వేసుకున్న జోకులు తీసింది. చెక్‌పోస్టు దగ్గర బండి నెమ్మదించింది. ఎప్పటిలా చెయ్యి ఊపబోయిన జవాను, ఉన్ని తలకాయతో తనవైపు చూస్తున్న కెమెరాను గమనించాడు. హ్నియా దాన్ని దించలేదు. అతని ముఖం విచ్చుకుంది.

"ఓహో, దొంగ కెమెరానా? ఈసారి నన్నే ఎంచుకున్నారన్నమాట."

టోపీ సర్దుకున్నాడు. బండి ఆపించాడు. టీవీలో తన తల్లి చూస్తుందనుకున్నాడేమో, గొంతు పెంచి లజ్‌హర్‌కి చట్టం మొత్తం అప్పజెప్పాడు. మనుషుల్ని ఇలా నిలబెట్టి తీసుకెళ్లడం నేరమని అతనికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. తర్వాత ఆడవాళ్లవైపు తిరిగి, కూర్చోండమ్మా, మీరు కూర్చుంటేగానీ బండి కదలదు అన్నాడు. ఎవరూ కూర్చోలేదు.

"ఎట్లా కూర్చుంటాం అన్నా?" అంది సాలిహా. "నేల తడి."

అతను నవ్వుతూనే తొట్టిలో అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తడిసింది. ఆ తడి చెయ్యి అలాగే ఉంచుకుని రోడ్డు పక్క నాగజెముడు పొదలవైపు చూశాడు. ఎవరూ రాలేదు. అటువైపు గోడ దగ్గర చూశాడు. నవ్వు ఇంకా ముఖాన ఉంది, ఎవరో వచ్చి దాన్ని అందుకోవాలన్నట్టు.

"ఇంక చాల్లే. మీవాళ్లని బయటికి రమ్మను."

"మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు నాయనా," అంది హ్నియా. "బండిలోనే."

 హ్నియా తీసినదాంట్లో ఆ తర్వాత జవాను నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోవడం కనిపిస్తుంది. సాలిహా పొట్టవైపు ఒకసారి చూస్తాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటాడు. తర్వాత అదే చెయ్యి ఊపుతాడు. బండి కదులుతుంది. బొమ్మ కాస్త వణుకుతుంది. ఆ వణుకును తీసేద్దామా అని రిధా అడిగితే, వద్దు, మా బండి అట్లాగే కుదుపుతుంది అంది హ్నియా.

రంజాను పండుగ వెళ్లాక క్లబ్బు గదిలో గోడకు దుప్పటి కట్టి సినిమా వేశారు. జవాను ముఖాన్ని రిధా ముందే మసక చేశాడు. అతని ఒక్కడి తప్పుగా మిగిలిపోకూడదని హ్నియాయే అడిగింది. లజ్‌హర్ కూడా వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తను నీళ్లు పోస్తున్న బొమ్మ వచ్చినప్పుడు తలదించుకున్నాడు. బయటికొచ్చాక, యజమాని ఇంతమంది కావాలంటాడు, రెండో బండి పెట్టడు, నన్నేం చెయ్యమంటావక్కా అన్నాడు. ఆ మాటలో నిజముంది.

మర్నాడు తొట్టి పొడిగా ఉంది. డ్రైవరు గది వెనక ఒక చెక్కపలక బిగించి ఉంది. దాని మీద సాలిహా కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు గనుక సగం మంది బావి దగ్గరే మిగిలిపోయారు. వాళ్లు హ్నియాను తిట్టారు. నీ సినిమా మా కూలి తినేసింది అన్నారు.  ఆ వారంలోనే తొట్టి మళ్లీ తడిసింది. పలక మాత్రం ఉంది. కాన్పు అయ్యేదాకా సాలిహా దాని మీదే వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. హ్నియా ఇప్పటికీ నిలబడే వెళ్తోంది, చేతికి తోలుపట్టీ బిగించుకుని. ఈసారి ఆమె తీస్తున్నది పొలం గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టుకునే యజమానిని.

మీ ఊరి దారుల్లోనూ కూలీల బండ్లు పోతుంటాయి. ఆటోలో, ట్రాలీలో, ట్రాక్టరు తొట్టిలో నిలబడి పోయే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. తీయడానికి పెద్ద కెమెరా అక్కర్లేదు. మీ చేతిలో ఇప్పుడున్నది చాలు. గట్టిగా పట్టుకోండి, దగ్గరికి వెళ్లండి, వాళ్లను అడిగి తీయండి, వాళ్ల మాట వినపడేలా తీయండి. రెండో బండి ఎందుకు పంపవని పొలం యజమానిని పదిమందిలో అడగండి. ముందుగా, బండి ఆగినప్పుడు దాని నేల మీద అరచెయ్యి పెట్టి చూడండి.